పెట్రోల్ ఇంజిన్ గారూ, దయచేసి లేవకండి

పెట్రోల్ ఇంజిన్ గారికి,

తిరుపతి, బైరాగిపట్టెడ నుంచి, కరెంటు మీదా పెట్రోలు మీదా నడిచే మీ కారు ఓనర్ రాసుకునే విన్నపం. మీరు క్షేమమని తలుస్తాను. క్షేమంగా లేక ఏమవుతారు, నిన్న పొద్దుటిదాకా నాలుగు నెలలు బానెట్ కింద హాయిగా పడుకునే ఉన్నారు కదా. నిద్ర లేనిది మాకే.

కొండమీద స్వామిని కూడా రోజూ తెల్లవారుజామున సుప్రభాతం పాడి లేపుతారు, ధనుర్మాసం వస్తే దాని బదులు తిరుప్పావై చదువుతారు, రాత్రి ఏకాంత సేవ చేసి పడుకోబెడతారు. మా ఇంట్లో మీకు మూడుపూటలా ఏకాంత సేవే. సుప్రభాతం మాట ఎత్తితే మా ఆవిడ ఒప్పుకోదు. మీరు లేస్తే పెట్రోలు తాగుతారు, పెట్రోలు మా ఊళ్ళో లీటరు నూట పది దగ్గర ఆడుతోంది, గాంధీ రోడ్డులో స్టీలు పాత్రల అంగడి పెట్టుకున్నవాడు ఒక డజను గ్లాసులు అమ్మితే ఎంత మిగులుతుందో మీకు తెలియదు, తెలిస్తే మీరే సిగ్గుపడి ఇంకో రెండు నెలలు పడుకుంటారు.

ఈ బండి కొనమన్నది మా బామ్మర్ది. బెంగళూరులో ఎవరో పెద్ద సారు వాడి అమ్మేస్తుంటే, కొత్త మామూలు కారు ధరకే వస్తోందని రాత్రి పదకొండుకు ఫోన్ చేశాడు. "బావా, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే ఏమనుకున్నావు? 2008లోనే చైనాలో బీవైడీ వాళ్ళు ఎఫ్3డీఎం అని వదిలారు, 2010లో అమెరికాలో షెవర్లే వోల్ట్ వచ్చింది, మనమే లేటు. ఊళ్ళో కరెంటు మీద తిరుగు, దూరం పోతే పెట్రోలు. చార్జింగ్ అయిపోతుందనే టెన్షనే ఉండదు" అన్నాడు. నిజమే, ఆ టెన్షన్ లేదు. ఉత్త కరెంటు కారున్నవాడికి చార్జింగ్ అయిపోయిన రోజే భయం. నాకు బ్యాటరీ నిండుగా ఉన్నా భయమే, ఎందుకంటే మీరు ఎప్పుడు లేస్తారో ఆ దేవుడికే తెలియాలి.

మీటర్లో ఒక చిన్న పెట్రోలు చుక్క గుర్తు ఉంది చూశారా, సూది ఆ చుక్క దాటితే మీరు లేస్తారు. బండి కొన్న ఈ ఆరు నెలల్లో నేను రోడ్డు చూసి నడిపింది తక్కువ, ఆ చుక్కను చూసి నడిపింది ఎక్కువ. యాక్సిలరేటర్ మీద కాలు వేయడం కాదు, పసిబిడ్డ పడుకున్న ఉయ్యాల పక్కన అడుగేసినట్టు ఆనించడం. లీలామహల్ సర్కిల్లో సిగ్నల్ పడ్డాక నేను కదిలే తీరు చూసి వెనక ఆటో అన్న తల బయట పెట్టి "ఏం సామీ, బండి తోయాల్నా?" అని అడిగాడు. సెల్ఫ్ రెస్పెక్ట్ ఉన్నవాడెవడైనా అక్కడ గట్టిగా తొక్కి దూసుకుపోతాడు. నేను మాత్రం చుక్కను చూసుకుని, "వద్దులే అన్నా, థ్యాంక్స్" అన్నాను.

ఇక మీ నిద్రకు మేము చేసే సేవ సంగతి చెప్తాను, ఇది మీరు వినాలి. మీరు లేవకుండా ఉండాలంటే బ్యాటరీ నిండాలి, బ్యాటరీ నిండాలంటే రాత్రి ప్లగ్ పెట్టాలి. మేడమీద బెడ్రూములో ఏసీకి వాడే పెద్ద ప్లగ్గు నుంచి వైరు దింపి గోడకి బోర్డు పెట్టించాను. మొదటిరోజు చార్జింగ్ తాడు పెట్టగానే ఇటుక సైజులో ఉండే దాని డబ్బా మీద ఎర్ర లైటు వెలిగింది. ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టర్ పెట్టి, పెదవి విరిచి, "ఇంట్లో ఎర్తింగే లేదన్నా, ఇన్నాళ్ళూ ఎట్ల బతికినారు మీరు?" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఫ్రిజ్జూ మిక్సీ గ్రైండరూ నోరెత్తకుండా నడిచిన ఇంట్లో ఈ డబ్బా ఒక్కటి కనిపెట్టింది, దాని నిజాయితీకి మెచ్చుకోవాలి. సరే, కాంపౌండ్ మూల గుంత తవ్వించి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి పూడ్చారు. పచ్చ లైటు వచ్చింది. మార్చి దాటాక మళ్ళీ ఎర్ర లైటు. మట్టి ఎండిపోతే ఎర్త్ పట్టదట, రోజూ ఒక బిందె నీళ్ళు పోయాలట.

అప్పటినుంచి రోజూ సాయంత్రం అంగడి కట్టేసి వచ్చి, స్నానం చేసి, నేను ఆ గుంతకి బిందెడు నీళ్ళు పోస్తున్నాను. పక్కనే తులసికోట ఉంది, దానికి మా ఆవిడ చెంబుడు పోస్తుంది. గుంతలో నీళ్ళు ఇంకేదాకా నిలబడి, తర్వాత తాడు తెచ్చి కారుకి తగిలించి, డబ్బా మీద పచ్చ లైటు మెల్లగా కొట్టుకోవడం మొదలయ్యేదాకా కదలను. ఎదురింటి పెద్దాయన నెల రోజులు గమనించి, చివరికి గేటు దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి "అక్కడ ఏ దేవుణ్ణి పెట్టినారు నాయనా?" అని అడిగాడు. ఏమని చెప్పాలి, మీ పేరు చెప్పాలా?

కరెంటు బిల్లు సంగతి కూడా మీ చెవిన వేస్తాను. ఇంతకుముందు నెలకి రెండొందల ఇరవై యూనిట్ల దగ్గర ఆగేవాళ్ళం, యూనిట్ ఆరు రూపాయల స్లాబులో. 225 దాటితే యూనిట్ 8.75, 400 దాటితే 9.75. మీ ఏకాంత సేవ వల్ల ఇప్పుడు మూడొందల యాభై దాటింది, అందుకని రాత్రి కారు చార్జింగ్ అయ్యేటప్పుడు ఇంట్లో ఏసీ ఆపి మేము ఫ్యాన్ కింద పడుకుంటున్నాం. మే నెలలో, తిరుపతిలో. ఇంజిన్ చల్లగా ఉంది, మేము ఉడుకుతున్నాం. ఒక్కో రాత్రి మధ్యలో కరెంటు పోతుంది, వచ్చాక చార్జింగ్ మళ్ళీ మొదలైందో లేదో చూడడానికి బనీను మీద మెట్లు దిగుతాను, కింద పోర్షన్లో బాడుగకుండే కుర్రాడి కుక్క ఇప్పుడు నన్ను చూసి మొరగడం కూడా మానేసింది.

రేణిగుంట దారిలో ఒకసారి ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్ కనిపిస్తే ఆశగా తిప్పాను. అక్కడి అబ్బాయి గన్ను పట్టుకొచ్చి, మన బండి మూతి చూసి, "కింద రెండు పెద్ద రంధ్రాలు లేవు సార్, ఇది తగలదు" అని దాన్ని మళ్ళీ కొక్కేనికి తగిలించేశాడు. మనలాంటి బండ్లలో చాలావాటికి ఇంటి కరెంటుతో నిదానంగా తాగడమే వచ్చట. నంబరు ప్లేటు దగ్గరా అంతే, కరెంటు కార్లకి పచ్చ ప్లేటు, మనకి తెల్లదే. కొత్త బండికి జీఎస్టీ చూడబోతే కరెంటు కారుకి 5 శాతం, మనంత పెద్ద హైబ్రిడ్‌కి 2025 సెప్టెంబరు నుంచి 40. ఉత్తరప్రదేశ్ వాళ్ళు 2024లో మీ జాతికి రిజిస్ట్రేషన్ పన్ను తీసేశారని విన్నాను, అక్కడ పుట్టి ఉంటే గౌరవంగా బతికేవారు.

అసలు గొడవ నాలుగు నెలల కిందట కొండ మీద జరిగింది. మా అత్తగారి తరఫు వాళ్ళు దర్శనానికి వచ్చారు, పిల్లాడితో కలిపి ఆరుగురం. శబ్దం లేకుండా కొండెక్కిస్తానని నేనే గొప్పలకు పోయాను. అలిపిరిలో చెకింగ్ అయ్యింది, 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు ఎక్కాం, అద్దాలు దించితే చెట్ల గాలి తప్ప ఏమీ వినపడదు, వెనక సీట్లో అత్తగారు గోవింద నామాలు చెప్పుకుంటూ "కారు తేలుతున్నట్టుంది నాయనా" అన్నారు. ఆ మాట పూర్తయిందో లేదో, ఒక మలుపులో మీరు లేచారు. ఎట్లా లేచారు! సినిమాహాల్లో మౌనం పాటించే సీన్లో ఎవడో తుమ్మినట్టు. అత్తగారు "గోవిందా!" అని అరిచారు, ఆ గోవింద నామం వేరు. ఆ పక్కనే మన ఆర్టీసీ కరెంటు బస్సు, 2022 నుంచి తిరుగుతున్న వాటిలో ఒకటి, నలభై మందిని ఎక్కించుకుని కిక్కురుమనకుండా మనల్ని దాటిపోయింది.

ఇంటర్ ఎంపీసీ చదివే మావాడు రసీదు వెనక లెక్క కట్టి చూపించాడు. బండీ మనుషులూ కలిసి రెండున్నర టన్నులు, అలిపిరి నుంచి తిరుమలకి నిట్టనిలువునా ఏడొందల మీటర్ల ఎత్తు, అంటే పైకి ఎత్తడానికే దగ్గర దగ్గర ఐదు యూనిట్లు, ఇంకా టైర్ల రాపిడి, ఏసీ వేరే. మన బ్యాటరీ మొత్తం కలిపి తొమ్మిది యూనిట్లు, అందులోనూ అడుగున కొంత ఎప్పుడూ దాచుకుంటుంది. "నాన్నా, ఇంజిన్ని కూడా మనమే మోసుకుపోతున్నాం కదా" అన్నాడు. అప్పుడర్థమైంది. మీరు పడుకున్నంతసేపూ బ్యాటరీ మిమ్మల్ని పల్లకిలో మోస్తుంది, మీరు లేచాక ఖాళీ బ్యాటరీని మీరు మోస్తారు. ఇద్దరు బోయీలకూ కూలీ ఇచ్చేది నేను.

దిగేటప్పుడు మాత్రం, ఒప్పుకోవాలి, సంతోషం వేసింది. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీద నలభై నిమిషాలకు ముందు దిగకూడదు కదా, ఆ నిదానానికి చక్రాలే తిరిగి కరెంటు తోడి బ్యాటరీలోకి పోశాయి. పైన సున్నా చూపించింది కింద అలిపిరి దగ్గర తొమ్మిది కిలోమీటర్లు చూపించింది. ఇంటికి వచ్చాక లడ్డూ కంటే ముందు ఆ తొమ్మిది గురించే అందరికీ చెప్పాను.

కాగితం మీద మన బండి మైలేజీ చదివితే స్కూటర్ తల దించుకోవాలి. 2024లో యూరోపియన్ కమిషన్ వాళ్ళు రోడ్ల మీద తిరిగే బండ్ల అసలు లెక్కలు తీస్తే, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ ల్యాబ్‌లో చూపినదానికి సగటున మూడున్నర రెట్లు తేలింది. అక్కడ చాలామంది తాడు పెట్టడమే తక్కువట. నేను వాళ్ళకి పూర్తిగా ఆపోజిట్, కాశీకి పోయినా ఆ తాడు పట్టుకుపోయే రకం.

అందుకే నిన్న పొద్దున మీరు చేసింది నాకు నచ్చలేదు. బ్యాటరీ నిండుగా ఉంది, ఏసీ వేయలేదు, సూది చుక్క దరిదాపుల్లో లేదు. ఐదున్నరకి గేటు తీసి రివర్స్ చేస్తుంటే స్క్రీను మీద ఒక మెసేజ్, ట్యాంకులో పెట్రోలు పాతబడిందట, అది ఖర్చయ్యేదాకా ఇంజిన్ నడుస్తుందట. తాగకపోతే పెట్రోలు పాడవుతుందని తాగుతున్నారు! ఇన్నాళ్ళూ బిందెలు మోసి నేను మిగిల్చింది మీకు మురిగిపోతోందన్నమాట. వీధి వీధంతా లేచింది. బాడుగ కుర్రాడు పళ్ళు తోముకుంటూ బయటికి వచ్చి, "అన్నా, మీ బండికి ఇంజిన్ కూడా ఉందా!" అన్నాడు. మా ఆవిడ ఏమీ అనలేదు, వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడే వినిపించింది.

సరే, అయిందేదో అయింది. ఎల్లుండి ఆదివారం చిత్తూరులో పెళ్లి ఉంది, డెబ్భై కిలోమీటర్లు, బామ్మర్ది కూడా బెంగళూరు నుంచి దిగుతున్నాడు. చంద్రగిరి దాటాక మీ ఇష్టం, ఎంత పాత పెట్రోలు ఉంటే అంతా తాగేయండి, నేను చుక్క వైపు కన్నెత్తి చూడను. తిరుగు దారిలో కాణిపాకంలో ఆగుదామంటున్నారు. అక్కడ వినాయకుడి ముందు అబద్ధం ప్రమాణం చేస్తే ఏమవుతుందో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. గుడి దగ్గర బామ్మర్ది నా భుజం తట్టి "ఎంతిస్తోంది బావా మైలేజీ?" అని అందరి ముందూ తప్పకుండా అడుగుతాడు. నేను నోరు తెరవను. ఆ ఒక్క నిమిషం మాత్రం మీరు లేచి జవాబు చెప్పండి.

ఇట్లు,
మీ పల్లకీ మోసే,
బైరాగిపట్టెడ పాత్రల అంగడివాడు