సంస్కరణలు గేర్ నాబ్ నుంచే మొదలవ్వాలి

పాత కారు బాగుచేయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అనేదానికి ఈ మధ్యే నాకు స్పష్టత వచ్చింది. గేర్ నాబ్ దగ్గర, అంటే గేరు రాడ్డు తలమీద చేత్తో పట్టుకునే గుండు దగ్గర మొదలుపెట్టాలి. గేర్‌బాక్స్ దగ్గర కాదు, దయచేసి పొరబడకండి. గేర్‌బాక్స్ ఎక్కడో బానెట్ అడుగున నూనెలో మునిగి ఉంటుంది, దాన్ని చుట్టాలు చూడరు, పక్కింటివాళ్లు చూడరు, అలాంటిదాని మీద డబ్బు తగలెయ్యడం శుద్ధ అవివేకం. నాబ్ అలా కాదు కదా, కారెక్కినవాడికల్లా కనిపిస్తుంది, చేతికి తగులుతుంది, ఫొటోలో కూడా పడుతుంది. మంత్రిగారు వస్తున్నారంటే మున్సిపాలిటీ వాళ్లు గుంతల జోలికి పోకుండా డివైడర్‌కి రంగులు వేసేది సరిగ్గా ఈ సిద్ధాంతం ప్రకారమే. మనకి అర్థంకాక తిడుతుంటాం.

ఈ సిద్ధాంతాన్ని ఆచరణలో పెట్టిన పెద్దాయన ఒకరు మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటారు. ఆయనది పాత మారుతీ 800. 1983 డిసెంబరులో మొదటి కారు తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారే, ఆ వంశం. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. కాలుష్యం నిబంధనలు మారడంతో హైదరాబాద్‌లో 2010 ఏప్రిల్ నుంచే కొత్తవి అమ్మడం ఆపేశారు, 2014 జనవరిలో అసలు తయారీయే ఆగిపోయింది. అంటే మా ఊరి షోరూముల్లోంచి కొత్తగా బయటికొచ్చిన ప్రతి మారుతీ 800 ఈపాటికి పదిహేనేళ్లు దాటేసింది. పదిహేనేళ్లు దాటితే సర్కారు వారి దృష్టిలో బండి ముసలిది, ఆర్‌సీ మళ్లీ రెన్యువల్ చేయించుకోవాలి. 600 రూపాయలుండే ఆ ఫీజుని 2022 ఏప్రిల్‌లో 5000 చేశారు, పైన గ్రీన్ ట్యాక్స్. ఇన్‌స్పెక్టరు బ్రేకులు చూస్తాడు, లైట్లు చూస్తాడు, హారను కొట్టి చూస్తాడు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అయితే ఆర్‌సీలో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండిలో ఏదీ మార్చకూడదంటుంది. నాబ్ సంగతి ఆర్‌సీలో రాయరు. పౌరుడు ఎవరి సంతకమూ లేకుండా, ఏ కౌంటరు ముందూ నిలబడకుండా మార్చుకోగలిగిన వస్తువు అదొక్కటే మిగిలింది కాబట్టి, దాని మీద ఇంత ఆశ పెట్టుకోవడంలో తప్పేముంది?

ఇక కారు పరిస్థితి. రెండో గేరు వేస్తే కర్ర్‌మని అరుస్తుంది, ఆ శబ్దానికి వాచ్‌మన్ గేటు తీస్తాడు. మెకానిక్ చూసి, గేర్లు అరవకుండా కలిపే సింక్రో రింగులు అరిగిపోయాయి సార్, గేర్‌బాక్స్ దించాలి, దించాక ఎలాగూ క్లచ్ ప్లేటు కూడా మార్చేస్తే మంచిది, రాడ్డుని గేర్‌బాక్స్‌కి కలిపే లింకేజీలో బుష్‌లు కూడా పోయాయి, అందుకే రాడ్డు ఏ గేరులో ఉన్నా లూజుగా ఊగుతోంది అని శాంతంగా చెప్పాడు. పెద్దాయన అంతా విని, ఎంతవుతుందో అడిగి, జవాబు విని, నేరుగా బండి సామాన్లు అమ్మే రాణిగంజ్ వెళ్లి ఒక నాబ్ కొనుక్కొచ్చారు. అద్దంలా మెరిసే గుండు, లోపల ఎర్ర గులాబీ, పైన ఐదు గేర్ల అంకెలు. కారుకి ఉన్నవి నాలుగే కదండీ అంటే, "ఉండనీవయ్యా, ఏం పోయింది" అన్నారు. నిజమే, లేని ఐదో గేరు పాడవదు.

అయితే సంస్కరణ అనగానే పాత వ్యవస్థ ప్రతిఘటిస్తుంది. ఇది గమనించాల్సిన విషయం, ఆ కారులో ఊడకూడనివన్నీ ఎప్పుడో ఊడిపోయాయి. కిటికీ అద్దం తిప్పే హ్యాండిల్, ఎడమవైపు మిర్రరు, ఒక వీల్ క్యాప్, లోపలి డోరు హ్యాండిల్, ఇవన్నీ ఎవరూ అడక్కుండానే రాజీనామా చేసి వెళ్లాయి. ఊడి రావాల్సిన ఒక్క నాబ్ మాత్రం కదల్లేదు.

కదలకపోవడానికి కారణాలు మామూలువే. చాలా పాత కార్లలో నాబ్ మరలతో రాడ్డుకి బిగించి ఉంటుంది, గడియారం ముల్లుకి ఎదురు దిక్కుగా తిప్పితే రావాలి. ఇన్నేళ్ల చెమట, తేమ కలిసి మరల్లో తుప్పు పట్టిస్తాయి. కొన్నిటికి కింద లాక్‌నట్టు ఉంటుంది, లెదర్ తొడుగు పైకెత్తి చూస్తే గానీ కనపడదు, ఎత్తి చూసేవాళ్లు తక్కువ. కొన్ని కార్లలో అసలు మరలే ఉండవు, ఒత్తి దిగ్గొట్టిన నాబ్‌లు, వాటిని ఎంత తిప్పినా ఓపిక అయిపోవడమే. ఏ రకమో తెలుసుకుని చెయ్యి వెయ్యాలి అనేది ఇందులో అసలైన జ్ఞానం, అది ముందు ఎవరికీ అక్కర్లేదు.

మా పార్కింగులో ఆ ఆదివారం అది ఎవరికీ అక్కర్లేకపోయింది. ఒకాయన కొబ్బరినూనె అన్నాడు, ఇంకొకాయన కిరసనాయిలు, అమెరికా నుంచి సెలవులకి వచ్చిన కుర్రాడు తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దన్నాడు, రిటైర్డ్ ఇంజనీరుగారైతే వ్యాకోచం గురించి పది నిమిషాలు మాట్లాడి ఏదీ చేయకుండా టిఫిన్‌కి వెళ్లిపోయారు. ఆయన మాట్లాడిందొక్కటే పనికొచ్చేది, దాన్నే ఎవరూ వినలేదు. ప్లాస్టిక్‌కి వేడి తగిలితే ఇనుము కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, కాబట్టి హెయిర్ డ్రయ్యరుతో కాసేపు వెచ్చచేసి, గుడ్డ చుట్టి పట్టుకుని, కింద రాడ్డుని ఇంకో చేత్తోనో పానాతోనో కదలకుండా పట్టుకుని తిప్పాలి. రాడ్డు పట్టుకోకుండా తిప్పితే ఆ బలమంతా లింకేజీ మీద పడుతుంది, నాబ్ కోసం వెళ్లి గేర్లు పోగొట్టుకుంటాం. పైకి లాగడం ఇంకో సాహసం, అది వస్తే ఒక్కసారిగా వస్తుంది, వచ్చి తిన్నగా లాగినవాడి మూతికే తగులుతుంది. మా వాళ్లు పైపు రెంచి తెచ్చారు. పైపు రెంచి పళ్లకి నాబ్ చర్మం లేచిపోయింది, లోపల ఉన్న ఇత్తడి బుష్ మాత్రం రాడ్డుని వదల్లేదు, బయటి ప్లాస్టిక్ ఒక్కటే సుఖంగా గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. తిరుగుతోంది కదా, ప్రగతే.

చివరికి యాక్సా బ్లేడు. నన్నడిగితే మొదటే అది తీసుకుంటే ఆదివారం మిగిలేది. పాతది పారేసేదే కదా, నిలువునా ఒక గీత కోసి స్క్రూడ్రైవరు పెట్టి విప్పదీస్తే అయిపోతుంది, రాడ్డు మరల దాకా బ్లేడు దిగకుండా చూసుకోవాలంతే. కానీ మనవాళ్లకి పాత వస్తువు పాడవకుండా తీసి, పాత పేపర్లో చుట్టి, అటక మీద పెట్టి, ఆ తర్వాత ఇరవై ఏళ్లు మర్చిపోవడం ముఖ్యం.

కొత్త గులాబీ నాబ్ డబ్బా మీద "అన్ని కార్లకూ సరిపోతుంది" అని రాసి ఉంది. నేను చదివిన అతి పొట్టి కాల్పనిక సాహిత్యం అదే. రాడ్డు మందం 8 మిల్లీమీటర్లు ఉండొచ్చు, 10 ఉండొచ్చు, 12 ఉండొచ్చు, మందం ఒకటే అయినా మర దూరం, అంటే ఒక మర చుట్టుకీ పక్క చుట్టుకీ మధ్య ఎడం, వేరుగా ఉంటుంది, హోండాలో 10 మిల్లీమీటర్లకి 1.5, మాజ్దాలో అదే 10కి 1.25, ఒకదాని నాబ్ ఇంకోదానికి ఎక్కించబోతే రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. ఈ గొడవంతా లేకుండా అన్నిటికీ సరిపెట్టే ఉపాయం ఏమిటంటే, లోపల ఒక ప్లాస్టిక్ గొట్టం, పక్కన మూడు బుల్లి అలెన్ స్క్రూలు. మరలు దేనికీ కలవవు కాబట్టి దేనికీ గొడవ ఉండదు. కోటి, అబిడ్స్ వైపు ఉన్న స్పీడ్ బ్రేకర్లు కొన్ని దాటేసరికి స్క్రూలు వదులవుతాయి, నాబ్ మెల్లగా తిరుగుతుంది, ఒకటో గేరు అంకె వెనక సీటు వైపు చూస్తూ కూర్చుంటుంది. మే నెలలో స్టీలు నాబ్ పెట్టుకున్నవాళ్ల బాధ ఇంకో రకం, మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు ఎక్కితే గేరు వెయ్యడానికి కర్చీఫు కావాలి.

ఇన్ని చెప్పినా నేను ఈ సంస్కరణ పక్షమే. పైన పటారం లోన లొటారం అని వెక్కిరించే వాళ్లుంటారు, వాళ్లకి పటారం ఖర్చు తెలీదు, లొటారం బాగుచేసే ఖర్చు అంతకన్నా తెలీదు. పెద్దాయన కారులో ఇప్పుడు గులాబీ మెరుస్తోంది, ఎక్కిన ప్రతివాళ్లూ "కొత్తదా?" అని అడుగుతున్నారు, గేర్‌బాక్స్ దించి వేలు పోసినవాడిని ఎవరైనా అలా అడిగారా? వచ్చే నెల స్టీరింగ్ కవరు, ఆ తర్వాత సీట్లకి తెల్ల టవళ్లు. రెండో గేరు సంగతి ఏంచేశారండీ అని మొన్న లిఫ్టులో అడిగాను.

"దాన్నెవడు వాడుతున్నాడయ్యా, ఒకటి నుంచి తిన్నగా మూడులోకేగా" అన్నారు.