నడిచేవాళ్లు కొలెస్ట్రాల్ గోలి ఆపేయాలట!

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. మొన్న పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద మా వాకింగ్ బ్యాచ్ కాక ఫోన్ తీసి గట్టిగా చదివి వినిపించిండు కూడా: "రోజూ వ్యాయామం చేసేవారు కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటే కండరాలు కరిగిపోతాయి, వెంటనే ఆపండి, పరగడుపున వెల్లుల్లి తినండి, పదిమందికి పంపండి."

వెల్లుల్లి పప్పు పోపులో వేసుకోండి, రుచిగా ఉంటుంది. అంతకుమించి దాని మీద పెట్టుకోకండి.

నడిస్తే చాలు, గోలి ఎందుకు అంటారా? నడకతో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు) తగ్గుతాయి, బీపీ, షుగర్ దారిలో పడతాయి, కానీ ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్ మాత్రం చాలామందిలో పెద్దగా కదలదు. దాన్ని ఎక్కువగా తయారు చేసేది మన లివరే, మీరు కట్ట చుట్టూ ఎన్ని రౌండ్లు కొట్టినా దానికేం పట్టదు.

ఇక కండరాలు. ఇంగ్లండ్‌లో నొప్పులూ, ఇతర బాధలూ అని స్టాటిన్ (ఈ కొలెస్ట్రాల్ గోలే) మానేసిన 60 మందితో ఒక పరీక్ష చేశారు, 2020లో ఫలితాలు వచ్చాయి. ఏడాది పాటు కొన్ని నెలలు అసలు గోలి, కొన్ని నెలలు మందు లేని ఉత్తుత్తి గోలి, కొన్ని నెలలు ఏమీ లేదు. అసలు గోలితో పడ్డ బాధలో 90 శాతం ఉత్తుత్తి గోలితోనూ పడ్డారు! కరిగింది కండరాలు కాదు సారూ, ధైర్యం.

అయితే ఒకటి ఒప్పుకుంటా. నేనూ ఆపిన. జిమ్‌లో చేరిన కొత్తలో తొడలు పట్టేసినయని ఇరవై రోజులు గోలి ముట్టలేదు, నొప్పి పోయింది కూడా. కానీ ఆ ఇరవై రోజులు జిమ్‌కూ పోలేదు! టెస్ట్ చేయిస్తే ఎల్‌డీఎల్ మళ్లీ పాత అంకె దగ్గరికే వచ్చి కూర్చుంది. గోలి వల్లే నొప్పులొచ్చేవాళ్లు నిజంగానే కొందరుంటారు, వాళ్లకు డోసు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. మూత్రం కోలా రంగులోకి తిరిగి ఒళ్లంతా విపరీతంగా నొస్తే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి పోవాలి, అది చాలా అరుదు. షుగర్ అంచున ఉన్నవాళ్లకు ఈ గోలి దాన్ని కాస్త పెంచొచ్చు, అదీ నిజమే. ఇవన్నీ రాసిచ్చినాయన చెప్పాల్సింది, నాకైతే రెండు నిమిషాల్లో చీటీ చేతిలో పెట్టి పంపిండు. అందుకే జనం ఫోన్లో వెతుక్కుంటున్నారేమో.

కాకా, నీ గుండెల స్టెంట్ ఉంది. రేపు కట్ట మీద కలిస్తే ముందు గోలి సంగతే అడుగుత, చాయ్ ఆ తర్వాతే.