హెచ్-ఇండెక్స్ హెచ్చులు

మొన్న ఒక క్లినికల్ ఫార్మకాలజీ ప్రొఫెసర్ గారి నుంచి ఈమెయిల్ వచ్చింది. విషయం ఒక్క ముక్క: "మీటింగ్ మూడింటికి కాదు, నాలుగింటికి." దాని కింద సంతకం పద్నాలుగు లైన్లు. పేరు, డిగ్రీలు, పేపర్లు 212, సైటేషన్లు (అంటే ఇతరులు ఉటంకించిన సార్లు) 4,312, హెచ్-ఇండెక్స్ 31, ఐ10-ఇండెక్స్ (కనీసం పదిసార్లు ఉటంకించిన పేపర్లు) 96. మీటింగ్ గంట వాయిదా పడిందని చెప్పడానికి ఇంత సాక్ష్యం కావాలా అంటారేమో. కావాలి మరి. హెచ్ లేని మనిషి నాలుగింటికి అంటే నమ్మి వచ్చేదెవరు?

పరిశోధకుల పనికి కొలతగా ఈ హెచ్‌ను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒక్కోదాన్నీ కనీసం 31 సార్లు ఎవరో ఒకరు ఉటంకించిన పేపర్లు 31 ఉంటే మీ హెచ్ 31. జన్మకో పేపరు రాసి, దాన్ని లోకమంతా నెత్తిన పెట్టుకున్నా సరే, మీ హెచ్ 1. ఇంకో సుగుణం, మనిషి పోయాక కూడా ఇది పెరుగుతూనే ఉంటుంది. బీపీకి ఆ సౌకర్యం లేదు. అందుకే కాబోలు, మా ప్రొఫెసర్ గారు బీపీ నెలకోసారి, ఈ లెక్కలు చూపించే గూగుల్ స్కాలర్ పూటకోసారి చూసుకుంటారు.

ఒకరోజు పొద్దున్నే 4,312 కాస్తా 4,310 అయింది. కళ్లజోడు తుడుచుకుని చూశారు. 4,310. ఫోన్ ఆపి మళ్లీ పెట్టారు. 4,310. పీహెచ్‌డీ విద్యార్థులు ముగ్గురినీ పిలిచి, "రెండు పోయాయి" అన్నారు. ఇంట్లో ఎవరో పోయారనుకుని ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. సంగతి తెలిశాక నిజంగానే ఏడ్చింది. రోగుల ప్లాస్మాలో మందు ఎంతుందో ఆమె ఆ రోజే కొలవాలి. ఇప్పుడా నమూనాలు ఫ్రీజర్‌లోకి తోసేసి దొంగను పట్టుకోవాలి. సాయంత్రానికి పట్టుకున్నారు. సారును ఉటంకించిన ఒకే పేపరు రెండు పేర్లతో ఎక్కితే స్కాలర్ వాటిని కలిపేసింది. అదే ఇంకో పేపరు విషయంలోనూ జరిగింది. అయినా నష్టం నష్టమే కదా! ముగ్గురూ తమ తర్వాతి పేపర్లలో సారు గారి పాత యాంటాసిడ్ పేపరును తలా ఒకసారి ఉటంకించాలని తీర్మానమైంది. "సార్, నాది నిద్రమాత్రల మీద కదా" అని నసిగాడు ఒకడు. "ఏ మాత్రైనా ముందు కడుపులోకేగా వెళ్లేది" అని దారి చూపించారు.

ఇది మర్యాదస్తుల పద్ధతి. అచ్చుకు ముందు పేపరును పరిశీలించే రివ్యూయర్ ముసుగులో కూర్చుని "రచయితలు ఈ ఐదు కీలకమైన పేపర్లను విస్మరించారు" అని రాసేవాళ్లూ ఉన్నారు. ఆ ఐదూ ఎవరివో అడక్కండి.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ ఈ లెక్కలో ఎక్కడా "చదివారా?" అన్న ప్రశ్న లేదు. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్ ఒక ఉత్తరం రాశారు. ఐదంటే ఐదు వాక్యాలు. ఆస్పత్రిలో చేరి నార్కోటిక్ (మత్తు కలిగించే నొప్పి నివారణ) మందు పుచ్చుకున్న 11,882 మందిలో, అంతకుముందు వ్యసనం లేనివాళ్లలో, కొత్తగా వ్యసనపరులైనట్టు సరైన ఆధారం దొరికింది నలుగురికే అన్నారు. ఆస్పత్రిలో చేరినవాళ్ల సంగతి, అంతే. 2017లో అదే జర్నల్‌లో కెనడా పరిశోధకులు లెక్క తేల్చారు: ఆ ఉత్తరానికి 608 ఉటంకింపులు. అందులో 439, ఈ మందులకు అలవాటు పడటం అరుదు అనడానికి రుజువుగా. 491 చోట్ల ఆ రోగులు ఆస్పత్రిలో ఉన్నవాళ్లన్న ముక్కే లేదు. ఆక్సికాంటిన్ అనే ఇలాంటి నొప్పి మందు బిళ్ల వచ్చాక ఈ ఉటంకింపులు మరీ జోరందుకున్నాయి.

ఐదు వాక్యాలయ్యా! నిమిషం పట్టదు. ఆ నిమిషం కూడా పెట్టలేకపోయారా మీరు? పక్కవాడి పేపర్లోంచి రెఫరెన్సు ఎత్తి అతికించుకుంటూ పోతే, దాన్ని నమ్మి డాక్టర్లు ఇంటికి నెలల తరబడి బిళ్లలు రాసిచ్చారు. నడుం నొప్పని వెళ్లినవాడు బానిసై తిరిగొచ్చాడు. అమెరికాలో ఎన్ని ఇళ్లు కూలాయి! వ్యసనం ముప్పు గురించి తప్పుదారి పట్టించామని ఆ మందు అమ్మినవాళ్లు 2007లో కోర్టులో ఒప్పుకున్నారు. అతికించిన చేతుల్ని ఎవరడిగారు? ఆ అతికింపులన్నీ ఎవరో ఒకరి పేపర్ల లెక్కలో, ప్రమోషన్ ఫైల్లో భద్రంగా ఉన్నాయి.

ఈ కథంతా ప్రొఫెసర్ గారికి చెప్పాను. చాలా శ్రద్ధగా విన్నారు. కాసేపు మాట్లాడలేదు. కదిలిపోయారనుకున్నాను.

"అయితే," అన్నారు, "ఉత్తరాలు కూడా లెక్కలోకి వస్తాయన్నమాట!"