మానిక పోయినా మానం పోలేదు

ఒడిశాలోని బరంపురం తెలుగువాళ్లం కొలతల్లో గట్టివాళ్లం. తాతల నాటి బియ్యం మానిక అటకెక్కింది గానీ, కొలవడం మాత్రం ఆగలేదు. పక్కింటి మేడ, తోడల్లుడి జీతం, మరదలి చీర అంచు వెడల్పు, అన్నీ కొలుస్తాం.

బౌద్ధులు దీనికి ‘మానం’ అని పేరు పెట్టారు. పాలీ గ్రంథాల్లో ఇది 10 సంయోజనాల్లో, అంటే సంకెళ్లలో, 8వది. విముక్తికి ఒక్క మెట్టు దూరంలో ఉన్న అనాగామికి కూడా తెగదు. అన్ని సంకెళ్లూ తెంచుకున్న అర్హతుడైతేనే తెగుతుంది. ‘నేను ఎక్కువ’ అనుకోవడం మానమంటే ఒప్పుకోవచ్చు. ‘నేను సమానం’, ‘నేను తక్కువ’ అనుకున్నా మానమేనట! నిజంగా ఎక్కువైనవాడూ, సమానుడూ, తక్కువవాడూ ఈ మూడు విధాలుగానూ అనుకోగలరు కనుక మొత్తం 9. మానికకు కూడా ఇన్ని గీతలు ఉండేవి కావు.

మా గంజాం జిల్లాలోనే జౌగడ రాతి మీద అశోకుడు తన అధికారులను హెచ్చరిస్తూ చెక్కించిన దోషాల వరుసలో మొదటిది ఈర్ష్య. మేం కార్తీక వనభోజనాలకు అక్కడికి వెళ్లి, ఎవరి కారు పెద్దదో తేల్చుకుని వచ్చాం.

ఈ మూడు మానాల సాధన విషయానికొస్తే, మాకు విశాఖకు ఒక్క రైలు టికెట్టు చాలు. బరంపురంలో ఎక్కేటప్పుడు ఎక్కువ: రెండు భాషలు వచ్చినవాళ్లం, పట్టుచీరల ఊరివాళ్లం. ఇచ్ఛాపురంలో తెలుగు అక్షరాలు కనబడగానే సమానం. విశాఖలో దిగి నోరు విప్పితే పిల్లలు మా యాసకు నవ్వుతారు, అక్కడ తక్కువ.

‘తక్కువ’ అనుకోవడం అణకువే కదా, దాన్ని సంకెళ్లలో ఎందుకు చేర్చారని నాకు చాలాకాలం సందేహం ఉండేది. మొన్న మాఘమాసంలో తీరింది. అమ్మాయి అత్తగారికి మా ఆవిడ బరంపురం పట్టుచీర పెట్టి, “మాదేముంది వదినగారూ, ఏదో చిన్న ఊరి నేత” అంది. ఆచారం ప్రకారం ఆవిడ “అయ్యో, ఎంత మాట!” అనాలి. ఆవిడ చీర మడత విప్పి, వెలుతురుకు పట్టి చూసి, “అవును వదినగారూ, కాస్త పలచగానే ఉంది” అంది.

తిరుగు ప్రయాణంలో శ్రీకాకుళం రోడ్డు దాటింది, పలాస దాటింది, సోంపేట దాటింది. మా ఆవిడ నోట మాట లేదు. పలాసలో జీడిపప్పు కొన్నా ముట్టలేదు. రైలు ఇచ్ఛాపురం దాటాక కిటికీ వైపు చూస్తూనే అంది:

“ఆవిడ గాజులు చూశారా? గిల్టువి.”