విజిట్ వీసా మీద పనికి పోకండి

గల్ఫ్ ఏజెంట్ల మోసాల మీద మీ వ్యాసం బాగుంది, కానీ ఆజాద్ వీసా గురించి ఒక్క ముక్కా లేదు. మా జగిత్యాల పక్క ఊళ్లలో చాలామంది మునిగేది అక్కడే. వీసా ఒక కఫీల్ (వీసా ఇప్పించే అక్కడి యజమాని) పేరు మీద ఉంటుంది, పని ఇంకెక్కడో వెతుక్కోవాలి. పట్టుబడితే జైలుకు పోయేది కూలీనే, ఊళ్లో ఉన్న ఏజెంటు కాదు.

పదో తరగతి పాసు కానివాళ్లకు మామూలుగా ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే విదేశీ పనికి పోయేముందు సర్కారు తనిఖీ అవసరమైన పాస్‌పోర్టు, వస్తుంది. దాని మీద గల్ఫ్‌కు పనికి పోవాలంటే ముందు కేంద్ర సర్కారు ఈమైగ్రేట్ వెబ్‌సైటు ద్వారా ఇచ్చే అనుమతి (క్లియరెన్సు) కావాలి. అది ఎగ్గొట్టడానికే విజిట్ వీసా అంటగడతారు. దాంతో ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా పోతుంది. రెండేళ్లకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో ప్రాణం పోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు ఇచ్చే బీమా అది. శవపెట్టె కోసం ఎయిర్‌పోర్టు దగ్గర ఎదురుచూసే కుటుంబానికి ఆ డబ్బు ఎంత ఆసరానో!

లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే. లక్షన్నర అడిగితే అక్కడే ఆగండి. చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ ఏజెన్సీ పేరు ఈమైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో ఇంట్లోవాళ్లకు మీరే చూసిపెట్టండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి.