ఓకే కొట్టేశామండీ!

మిర్చి సీజన్‌లో నాకు అలారం అక్కర్లేదు. గుంటూరు కోల్డ్ స్టోరేజీ నుంచి పొద్దున 7కే ఫోను. "మీ సాఫ్ట్‌వేర్ పనిచేయట్లేదండీ, బయట లారీలు ఆగిపోయాయి."

"స్క్రీన్ మీద ఏమొచ్చిందండీ?"

"ఏదో ఇంగ్లీషులో వచ్చింది. ఓకే కొట్టేశాం."

ఆ ఇంగ్లీషు ముక్కే కదా నాకు కావాల్సింది! 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే సర్వర్ గుమ్మం దాకా వెళ్లాం గానీ డేటాబేస్ తలుపు, అంటే 3306 పోర్టు దగ్గర పలికేవాడు లేడని. ఆ డేటాబేస్ ప్రోగ్రాం మైఎస్‌క్యూఎల్ ఆగిందేమో చూడాలి. 'టైమ్డ్ అవుట్' అంటే అసలు ఇంటికే చేరలేదు, దారిలో అడ్డుకునే ఫైర్‌వాలో తప్పుడు అడ్రసో. 'యాక్సెస్ డినైడ్' అయితే పాస్‌వర్డ్ గొడవ. వీళ్లకి మాత్రం అన్నీ "పనిచేయట్లేదు".

"ఏమైనా మార్చారా?"

"అబ్బే, ఏం ముట్టుకోలేదండీ."

రిమోట్‌లో చూద్దామంటే ఆ కంప్యూటర్‌కి నెట్ లేదట. చచ్చినట్టు విజయవాడలో బస్సెక్కి, మిర్చి ఘాటుకి తుమ్ముకుంటూ లోపలికెళ్తే ఏముంది? టేబుల్ మీద కొత్త రౌటర్, ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు!

"అదా? నిన్న పెట్టి వెళ్లారు. అది నెట్‌ది కదండీ, మీదానికేం సంబంధం?"

కంప్యూటర్లకి అడ్రసులు పంచేది రౌటరే. కొత్తది రాగానే 192.168.1.10లో ఉండాల్సిన సర్వర్ కాస్తా 192.168.0 వీధికి మారిపోయింది. మా ప్రోగ్రామేమో పాత ఇంటి తలుపే బాదుతోంది. సర్వర్‌కి అడ్రసు ఫిక్స్ చేయకపోవడం మా తప్పే, ఒప్పుకుంటా. సరిచేయడానికి 2 నిమిషాలు పట్టింది.

గుమాస్తా గారు గడియారం వైపు చూసి, "ఇంతోటి దానికి బిల్లు కూడానా అండీ?" అన్నారు.