దూడకి రాణిఖేత్ టీకా

కోళ్ళకి నీళ్ళలో టీకా వెయ్యడమంత సుళువు పని ఇంకోటి లేదంటారు, పట్టుకోనక్కర్లేదు, సూది గుచ్చనక్కర్లేదు, దాహమేసిన కోడి తనంతట తనే వచ్చి తాగిపోతుంది, మనం చేతులు కట్టుకుని చూడ్డమే. ఈ మాట చెప్పేవాళ్ళెవరింట్లోనూ దూడ లేదనుకుంటా. మా బాబాయ్ ఇంట్లో ఉంది.

బాబాయ్ మహా పద్ధతి మనిషి. రాణిఖేత్ అంటే, అదే కొక్కెర తెగులు, ఒక్కసారి గూట్లో జొరబడిందంటే మెడలు మెలితిప్పుకుంటూ, పచ్చగా పారుకుంటూ వరసపెట్టి పోతాయి కోళ్ళు, వచ్చాక మందంటూ లేదు, రాకముందు టీకా ఒక్కటే దారి. అందుకని ఆయన నోట్‌బుక్ తెరిచి ప్లాను మొత్తం రాసుకున్నాడు. టీకా సీసా ఫ్రిజ్‌లో 2 నించి 8 డిగ్రీల మధ్య ఉండాలి. క్లోరిన్ కలిపిన నీళ్ళు రెండు రోజుల ముందే బంద్, ఎందుకంటే టీకాలో ఉండేది బతికున్న వైరస్, క్లోరిన్ తగిల్తే అది చచ్చి ఊరుకుంటుంది. నీళ్ళ తొట్లు సబ్బు లేకుండా తోమాలి. ఇవన్నీ చేశాడు కూడా, అబద్ధం చెప్పకూడదు.

పైగా ఆ టీకా పేరు లసోటా, దాని చరిత్ర కూడా చదివాడు. ఆ రకం వైరస్‌ని 1946లో అమెరికాలో, న్యూజెర్సీలో లసోటా అనే ఇంటిపేరున్న రైతు కోళ్ళలోంచి తీశారట, ఇప్పటికీ టీకా ఆ పేరుతోనే నడుస్తోంది. "చూశావా, కోళ్ళు పెంచితే ఇంటిపేరు ఎంత దూరం పోతుందో" అన్నాడు పిన్నితో. "ఆయన కోళ్ళలో వైరస్ దొరికితే పేరొచ్చింది, మనకలాంటి పేరొద్దులెండి" అంది పిన్ని.

ఇక ఆ రోజు. తెల్లారగట్లే తొట్లు ఎత్తేశారు, గంటో రెండు గంటలో దాహం పెట్టాలి కదా. ప్లాస్టిక్ బకెట్ నిండా నీళ్ళు, అందులో వెన్న తీసిన పాలపొడి లీటరుకి రెండున్నర గ్రాముల లెక్కన, అది నీళ్ళలో ఇంకా ఏమైనా క్లోరిన్ మిగిలుంటే పని పట్టేస్తుంది. తర్వాత నీలం రంగు బిళ్ళ, తాగిన కోడి నాలుక నీలంగా మారుతుంది కాబట్టి ఏది తాగిందో ఏది తాగలేదో తెలిసిపోతుంది. చివరగా సీసాని నీళ్ళలో ముంచి అక్కడే మూత తీశాడు, రెండొందల డోసులు. అంతా శాస్త్రోక్తం. గోడ మీద ఆరబెట్టిన తొట్లు తేవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

ఇక్కడ ఒక్క సంగతి ఆ నోట్‌బుక్‌లో లేదు. ఇంట్లో పెయ్య దూడకి ఈ మధ్యే పాలు మాన్పించారు. దానికి ఈ లోకంలో ఉన్న దిగులంతా పాల గురించే. బకెట్‌లో పాలపొడి వాసన.

బాబాయ్ తొట్లతో వచ్చేసరికి బకెట్ ఖాళీ. ఆయనేమనుకున్నాడంటే నేను లోపలున్న పాత తొట్లలో పోసేశాననుకున్నాడు, నేనప్పుడే పళ్ళు తోముకుంటూ వచ్చి అంతా అయిపోయిందిగా అనుకున్నా, ఇద్దరం ఏమీ అడుక్కోలేదు. కాసేపాగి బాబాయ్ ఒక్కో కోడిని పట్టుకుని ముక్కు తెరిచి చూడ్డం మొదలెట్టాడు. గులాబీ రంగు. ఇంకోటి, గులాబీ రంగు. "ఒరేయ్ ఒక్కటి కూడా తాగలేదేంట్రా, దాహం చాల్లేదా వీటికి?" దాహం ఎందుకు చాల్లేదు, ఆ కోళ్ళు మమ్మల్ని చూసే చూపుకి మాకే గొంతెండిపోయింది.

సరిగ్గా అప్పుడే పశువుల కొట్టంలోంచి పిన్ని కేక. "ఏవండీ, దూడ నాలుక నీలంగా అయిపోయిందండీ!"

పిన్నికి నీలి నాలుక వ్యాధి గురించి తెలుసు. గొర్రెలకి వస్తుంది, సన్న దోమల్లాంటివి కుట్టడం వల్ల పాకుతుంది, పశువులకీ సోకుతుంది, ఇదంతా ఎక్కడో చదివింది. చదవనిది ఒక్కటే, ఆ జబ్బులో నాలుక వాచి, రక్తం సరిగ్గా ఆడక నీలంగా కమిలిపోతుంది, అది కూడా అన్నిటికీ కాదు, అంతేగానీ సిరాబుడ్డిలో ముంచినట్టు నిగనిగలాడదు. మా దూడ మాత్రం ఆ నాలుకతో రెండు ముక్కుపుటాలూ తుడుచుకుంటూ మహా ఆనందంగా ఉంది.

థర్మామీటర్ తెచ్చారు, దారం కట్టి తోకకి క్లిప్పు కూడా పెట్టారు (పెట్టకపోతే అది లోపలికెళ్ళి ఇంకో కథవుతుంది). నూటరెండు ఫారెన్‌హీట్. పిన్ని గుండె జారిపోయింది. దూడకి నూటరెండు మామూలే, కోడికైతే నూటఆరు, నూటఏడు కూడా మామూలే, మనిషి లెక్కతో చూస్తే పెరడంతా జ్వరంతో మూలుగుతున్నట్టే ఉంటుంది.

డాక్టర్ గారికి ఫోన్. స్పీకర్ ఆన్.

"చొంగ కారుస్తోందా?"

"కారుస్తోందండీ, నీలంగా."

"కుంటుతోందా?"

"లేదండీ, గెంతుతోంది."

"మేత తింటోందా?"

"ముట్టుకోవట్లేదండీ, పొట్ట మాత్రం ఇంత ఉంది."

ఫొటో పంపమన్నారు, పంపాం. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లిగా అడిగారు. "అమ్మా, దూడ వెనకాల ఆ బకెట్ ఏంటి?"

బాబాయ్ మొహం చూడాలి ఆ నిమిషంలో, నేను చూశాను, వర్ణించను.

"ఏం కంగారు లేదు, ఆ వైరస్‌కి పశువుతో పనేం లేదు, కాస్త కడుపు కదిలితే కదలొచ్చు" అన్నారు డాక్టర్ గారు నవ్వాపుకుంటూ. "ఈ దూడకి మాత్రం జన్మలో కొక్కెర తెగులు రాదు, కావాలంటే సర్టిఫికెట్ రాసిస్తా. ముందు ఆ కోళ్ళకి నీళ్ళు పెట్టండి సార్."

కొత్త సీసా వచ్చింది. ఈసారి దూడకి రెండు పలుపులు. బకెట్ దగ్గర నేను కాపలా. అన్నీ సరిగ్గా జరిగాయి, తొట్లు లోపల పెట్టాం, కోళ్ళు వచ్చాయి, చూశాయి, ఒకటి రెండు ముక్కు ముంచి వెళ్ళిపోయాయి. ఒక్కదానికీ దాహం లేదు. టీకా కలిపిన నీళ్ళు రెండు గంటల్లో అయిపోవాలి, తర్వాత పనికిరావు. బాబాయ్ గడియారం చూస్తున్నాడు, కోళ్ళు బాబాయ్‌ని చూస్తున్నాయి. చివరికి పిన్ని గొంతు సవరించుకుంది. "పాపం మొన్న ఎంత అల్లాడిపోయాయో అని, పొద్దున్నే ఒక చెంబుడు పోశానండీ." చెంబుడు కాదు, తొట్టి నిండా పోసింది, అడుగున తడి ఇంకా అలాగే ఉంది.

ఇక నీళ్ళ పద్ధతి మీద బాబాయ్‌కి నమ్మకం పోయింది. కంట్లో చుక్క వేద్దాం, ఒక్కోదాన్ని పట్టుకుని ఒక్కో చుక్క, చీకటి పడ్డాక కోళ్ళకి సరిగ్గా కనపడదు కాబట్టి కదలకుండా ఉంటాయి అన్నాడు. ఆ మాట నిజమే. కానీ బాబాయ్‌కి కూడా చీకట్లో కనపడదు కదా, అందుకని తలకి పెద్ద లైటు కట్టుకుని గూట్లోకి దూరాడు, అది చూసి కోళ్ళు తెల్లారిందనుకున్నాయి. ఆ తర్వాత జరిగింది అరుపులు, ఈకలు, దుమ్ము. మధ్యలో ఒక పుంజు సరిగ్గా చుక్క పడే వేళకి తల విదిలించింది.

మర్నాడు దూడని చూడ్డానికి వచ్చిన డాక్టర్ గారు ముందు బాబాయ్ ఎర్రటి కన్ను చూశారు. నాలుగు రోజుల్లో అదే తగ్గిపోతుంది, చేత్తో నలపొద్దు, ఈసారి కళ్ళజోడు పెట్టుకోండి అని చెప్పి, పిన్ని వైపు తిరిగారు. "దూడకి పడింది, సార్‌కి పడింది. కోళ్ళకేమన్నా పడిందామ్మా?"

"సగం వాటికి పడింది డాక్టర్ గారూ" అంది పిన్ని, "మిగతా సగం ఇంకా చెట్టు దిగలేదు."